కౌంటీ కోర్టు రికార్డు కావాలా? ముందు ఏ మెట్లెక్కాలో తేల్చుకోండి

పౌరసత్వం ఇంటర్వ్యూకి పిలుపు వచ్చాక గానీ చాలామందికి ఆ పాత స్పీడింగ్ టికెట్ గుర్తుకురాదు. ఎప్పుడో పదేళ్ల కిందట డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్తుంటే ట్రూపర్, అంటే రాష్ట్ర హైవే పోలీసు, ఆపాడు, జరిమానా కట్టేశాం, మర్చిపోయాం. ఇప్పుడు లాయరు ఆ కేసు తాలూకు కోర్టు కాగితం తెమ్మంటాడు. డాలస్ కౌంటీ సైటులో పేరు కొడితే ఏమీ రాదు. ఎలా వస్తుంది? ఆ దారిలో ఐ-35 మీద ఎల్లిస్, హిల్, మెక్‌లెన్నన్, బెల్, విలియమ్సన్ కౌంటీలు దాటుకుంటూ పోవాలి. మిమ్మల్ని ఎక్కడ ఆపారో కేసు అక్కడే ఉంటుంది.

నేను మొదటిసారి ఇలాంటి పని మీద వెళ్లినప్పుడు ఒక కౌంటర్ దగ్గర ముప్పావుగంట నిలబడ్డాను. "ఇది మా దగ్గర ఉండదు, ఎదురు బిల్డింగ్" అన్నారు. ఎదురు బిల్డింగ్ వాళ్లు టికెట్ నంబరు చూసి, "ఇది సిటీ పోలీసు రాసింది, సిటీ కోర్టుకి వెళ్లండి" అన్నారు. మూడో చోట పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. రికార్డు సంపాదించడం కష్టమేమీ కాదు, అది ఎవరి అలమారాలో ఉందో తెలుసుకోవడమే అసలు పని. కాబట్టి ఈ వ్యాసంలో సగం దాని గురించే ఉంటుంది. నేనుండేది టెక్సస్ కనుక ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. వేరే రాష్ట్రాల్లో తేడా ఉన్నచోట చెబుతాను.

అడగడానికి మొహమాటం వద్దు

మన జిల్లా కోర్టుల్లో, కేసుతో సంబంధం లేనివాళ్లు నకలు కావాలంటే అర్జీ పెట్టి, ఎందుకో చెప్పి, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఆ అలవాటుతో ఇక్కడ కూడా కౌంటర్ దగ్గర నసుగుతాం. అమెరికాలో మామూలు కేసుల ఫైళ్లు ఎవరైనా చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు. "ఎందుకు?" అని క్లర్క్ సాధారణంగా అడగరు. 1978లో నిక్సన్ వర్సెస్ వార్నర్ కమ్యూనికేషన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కును గుర్తించింది, దానికి హద్దులుంటాయని కూడా అదే తీర్పులో చెప్పింది. టెక్సస్ సివిల్ నియమాల్లో 76ఎ అనే రూలు కోర్టు రికార్డు అందరికీ తెరిచే ఉంటుందన్న మాటతోనే మొదలవుతుంది.

"ఎఫ్ఓఐఏ కింద అర్జీ పెట్టాలా?" అని అడుగుతుంటారు. అక్కర్లేదు. అది ఫెడరల్ ప్రభుత్వ శాఖల నుంచి సమాచారం అడగడానికి చేసిన చట్టం, కోర్టులకు వర్తించదు. కోర్టు కాగితానికి నేరుగా క్లర్క్ ఆఫీసే దిక్కు.

ఇంతకీ అది కౌంటీ కేసేనా?

ముందు ఈ వడపోత పెట్టుకోండి. దివాలా కేసులు, హెచ్-1బి ఆలస్యమైందని ఇమ్మిగ్రేషన్ శాఖ అయిన యూఎస్‌సీఐఎస్ మీద వేసే దావాలు, కంపెనీల పేటెంటు గొడవలు ఫెడరల్ కోర్టువి. వాటికి పేసర్ అనే సైటు ఉంది. ఖాతా ఉచితం, పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంటుకు గరిష్ఠంగా 3 డాలర్లు. మూడు నెలల్లో మీ వాడకం 30 డాలర్లు దాటకపోతే అసలు డబ్బే తీసుకోరు. ఇమ్మిగ్రేషన్ కోర్టు వేరే లోకం, కౌంటీకి దానితో సంబంధం లేదు, ఆ ఫైళ్లు పబ్లిక్ కూడా కావు.

సిటీ పోలీసు రాసిన ట్రాఫిక్ టికెట్లు టెక్సస్‌లో ఆ ఊరి మునిసిపల్ కోర్టులో ఉంటాయి. కౌంటీ సైటులో అవి కనపడవు. హైవే మీద ట్రూపర్‌గానీ షెరిఫ్ డిప్యూటీగానీ రాసినవి కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టుకు వెళ్తాయి. కాలిఫోర్నియాలో ఈ గోల లేదు, ట్రాఫిక్‌తో సహా అన్నీ ఆ కౌంటీ సుపీరియర్ కోర్టులోనే. న్యూజెర్సీలో మళ్లీ మునిసిపల్ కోర్టులు.

ఏ కౌంటీ?

మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందన్నది కాదు, వ్యవహారం ఎక్కడ జరిగిందన్నది చూడాలి. టికెట్టయితే ఆపిన చోటు. విడాకులైతే కేసు వేసినప్పుడు భార్యాభర్తల్లో ఒకరు ఉంటున్న కౌంటీ. ఇంటి గొడవైతే ఇల్లున్న కౌంటీ. వీలునామా అయితే చనిపోయినవారు చివరిగా ఉన్న కౌంటీ.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలోనే ఇక్కడ తికమక. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. నేపర్‌విల్ డ్యుపేజ్, విల్ కౌంటీల్లోకి సాగి ఉంది. ఆల్ఫరెటా అని పోస్టల్ అడ్రస్ ఉన్న ఇళ్లలో కొన్ని ఫుల్టన్ కావు, ఫోర్సైత్ కౌంటీవి. సియాటిల్ దగ్గర బాథెల్ కింగ్, స్నోహోమిష్ కౌంటీలు పంచుకున్న ఊరు. అడ్రస్‌లో ఊరి పేరు చూసి కౌంటీ ఊహించకండి. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు మీద కౌంటీ పేరు ఉంటుంది, చూసుకోండి.

వర్జీనియాలో ఇంకో చిక్కు: అక్కడ 38 ఊళ్లు ఏ కౌంటీకీ చెందవు. ఫెయిర్‌ఫాక్స్ సిటీ వేరు, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వేరు. లూయిజియానాలో కౌంటీని పారిష్ అంటారు. కనెక్టికట్‌లో కౌంటీ ప్రభుత్వాలను 1960లోనే ఎత్తేశారు, అక్కడ జ్యుడిషియల్ డిస్ట్రిక్ట్ పేరుతో వెతకాలి.

టికెట్ ఎక్కడ పడిందో బొత్తిగా గుర్తులేదా? పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయండి. జరిమానా కార్డు మీద కట్టి ఉంటే ఆ లైన్లో చాలాసార్లు కౌంటీ పేరో కోర్టు పేరో ఉంటుంది. రాష్ట్రం నుంచి మీ పూర్తి డ్రైవింగ్ రికార్డు తెప్పించుకోవడం ఇంకో దారి. అయితే అందులో మీ మీద పడినవే కనిపిస్తాయి, డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసు చేసి కొట్టేయించుకున్న టికెట్లు ఉండకపోవచ్చు. ఆ రోజు ఫోనులో తీసిన ఫొటోల్లో లొకేషన్ చూసి పట్టుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు.

ఏ క్లర్క్?

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. చాలా కౌంటీల్లో ఇద్దరు క్లర్కులు ఉంటారు, ఇద్దరూ ఎన్నికైనవాళ్లే. బాగా చిన్న కౌంటీల్లో ఒకరే రెండు పనులూ చూస్తారు. నన్ను తిప్పింది ఈ పేర్ల తేడాయే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర విడాకులు, పిల్లల కస్టడీ, పెద్ద నేరాలు అంటే ఫెలొనీలు, పెద్ద సివిల్ దావాలు ఉంటాయి. కౌంటీ క్లర్క్ దగ్గర పెళ్లి లైసెన్సులు, ఇళ్ల డీడ్‌లు, లీన్లు (ఆస్తి మీద బాకీల నమోదు), ప్రొబేట్ (వీలునామా కేసులు), వ్యాపారాల పేర్ల నమోదు, ఇంకా చిన్న నేరాల్లో క్లాస్ ఎ, క్లాస్ బి మిస్‌డిమీనర్లు. మొదటిసారి డీడబ్ల్యూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు, సాధారణంగా ఇక్కడికే వస్తుంది. కొన్ని పెద్ద కౌంటీల్లో మిస్‌డిమీనర్ ఫైళ్లు కూడా డిస్ట్రిక్ట్ క్లర్కే చూస్తారు, హారిస్ కౌంటీ అలాంటిదే. జస్టిస్ ఆఫ్ ద పీస్ దగ్గర ట్రాఫిక్ లాంటి క్లాస్ సి కేసులు, ఇల్లు ఖాళీ చేయించే ఎవిక్షన్లు, 20,000 డాలర్ల వరకు స్మాల్ క్లెయిమ్స్. ఒక కౌంటీలో ఇలాంటి కోర్టులు చాలా ఉంటాయి, ప్రీసింక్ట్ నంబరు చూసుకోవాలి.

పెళ్లి కాగితం ఒకరి దగ్గర, విడాకుల కాగితం ఇంకొకరి దగ్గర! మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "మ్యారేజ్ సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసే కదా" అనుకుని డిక్రీ కోసం కౌంటీ క్లర్క్ దగ్గరికి పోతారు.

మిగతా రాష్ట్రాల్లో పేర్లు మారతాయి. జార్జియాలో విడాకులు సుపీరియర్ కోర్టు క్లర్క్ దగ్గర, పెళ్లి లైసెన్సు ప్రొబేట్ కోర్టులో. ఫ్లోరిడాలో దాదాపు అన్నీ క్లర్క్ ఆఫ్ ద సర్క్యూట్ కోర్టు దగ్గరే. న్యూయార్క్‌లో సుప్రీం కోర్టు అంటే కింది కోర్టు, ప్రతి కౌంటీలో ఒకటి ఉంటుంది, దాని ఫైళ్లు కౌంటీ క్లర్క్ చూస్తారు. పేరు చూసి కంగారుపడకండి.

ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు

గూగుల్‌లో "ఫలానా కౌంటీ కోర్ట్ రికార్డ్స్" అని కొడితే పైన వచ్చేవాటిలో చాలావరకు ప్రైవేటు వ్యాపారాలు. పేరు కొట్టగానే "రికార్డులు దొరికాయి" అని ఎర్రటి గీత తిరుగుతూ ఉంటుంది, చివర్లో కార్డు నంబరు అడుగుతుంది, నెలనెలా డబ్బు కోస్తూనే ఉంటుంది. వాళ్ల దగ్గరున్నది ఎప్పుడో దించుకున్న డేటా. పైగా ఆ కాగితం యూఎస్‌సీఐఎస్‌కి గానీ బ్యాంకుకి గానీ చెల్లదు.

డాట్ గవ్ ఉంటేనే అసలుదనే లెక్క కూడా పూర్తిగా పనికిరాదు. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ డిస్ట్రిక్ట్ క్లర్క్ అసలు సైటే డాట్ కామ్‌తో ఉంది. నేను చేసేది ఇది: ముందు ఆ రాష్ట్రం కోర్టుల సైటుకో, కౌంటీ ప్రభుత్వ సైటుకో వెళ్లి, అక్కడ ఉన్న లింకు పట్టుకుని క్లర్క్ పేజీకి పోతాను. గూగుల్ నుంచి నేరుగా పోను.

టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ కలిపి రీసెర్చ్‌టీఎక్స్ అని ఒకటి ఉంది. లాయర్లు ఈ-ఫైలింగ్‌లో వేసిన సివిల్, ఫ్యామిలీ, ప్రొబేట్ కేసులు అందులో దొరుకుతాయి. సివిల్ కేసుల్లో ఈ-ఫైలింగ్ 2014లో పెద్ద కౌంటీల నుంచి మొదలై 2016కి అన్ని కౌంటీలకూ వచ్చింది. అంతకన్నా పాతవాటికి కౌంటీ సైటే చూడాలి, లేదా మనిషి వెళ్లాలి. నార్త్ కరొలైనాలో 2023లో వేక్ కౌంటీతో కొత్త పోర్టల్ మొదలుపెట్టారు, కేరీలో ఉండేవాళ్లకు పని తేలికైంది. కాలిఫోర్నియాలో 58 కౌంటీలకు 58 సైట్లు. లాస్ ఏంజెలెస్‌లోనైతే పేరుతో వెతకడానికే డబ్బు కట్టాలి, కేసు నంబరు తెలిస్తే ఉచితం.

కాలిఫోర్నియా వాళ్లకు ఇంకొక్క మాట. అక్కడి కోర్టు నియమాల ప్రకారం క్రిమినల్, ఫ్యామిలీ కేసుల్లో అసలు కాగితాలు ఇంట్లోంచి పబ్లిక్‌కి తెరుచుకోవు. కేసులో ఏ తేదీన ఏం జరిగిందనే జాబితా మాత్రం కనిపించొచ్చు. కాగితం చూడాలంటే కోర్టుకి వెళ్లి అక్కడి కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. సైటులో డాక్యుమెంట్ తెరుచుకోలేదంటే తప్పు మీది కాదు.

మన పేర్లతో వచ్చే చిక్కు

ఇక్కడ ఓపిక కావాలి. కోర్టు సైటులో లాస్ట్ నేమ్, ఫస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. మన పేర్లు ఈ దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఆ రెండు గళ్ల మధ్య నలుగుతూనే ఉన్నాయి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల ఆఫీసరు ఇంటిపేరును ఫస్ట్ నేమ్ అనుకుని ఉండొచ్చు. కాబట్టి ఒకసారి మామూలుగా, ఒకసారి తిరగేసి కొట్టండి.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. వీసాలో వాళ్ల పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దాని అర్థం. అదే డ్రైవింగ్ లైసెన్సులోకి, అక్కడి నుంచి టికెట్‌లోకి దిగుతుంది. మీరు అలా వచ్చినవారైతే ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని కొట్టి చూడండి. తర్వాత పేరు సరిచేయించుకున్నా, పాత కేసు పాత పేరుతోనే ఉంటుంది.

వెంకట సత్యనారాయణ లాంటి జంట పేర్లలో రెండోది మిడిల్ నేమ్ అయిపోతుంది, ఒక్కోసారి గడి పట్టక సగంలో తెగిపోతుంది. అందుకని పేరంతా కొట్టొద్దు. చాలా సైట్లలో మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెడితే అలా మొదలయ్యేవన్నీ వస్తాయి. అప్పుడు పుట్టిన తేదీతో వడగట్టండి. తేదీ రాసేటప్పుడు ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. క్లర్క్ దగ్గర కూడా ఇది తారుమారై నమోదైన సందర్భాలు ఉంటాయి, అయిదో తేదీ ఏడో నెల కాస్తా ఏడో తేదీ అయిదో నెల అవుతుంది.

కొన్ని సైట్లలో సౌండెక్స్ అని ఒక చిన్న గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే, స్పెల్లింగ్ వేరైనా ఒకేలా పలికే పేర్లను కలిపి చూపిస్తుంది. లక్ష్మిని కె-ఎస్-హెచ్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా దొరుకుతుంది. శ్రీనివాస్‌ని ఒక ఐతో రాసినా రెండు ఈలతో రాసినా దొరుకుతుంది. చౌదరి ఎన్ని రకాలుగా రాసినా దాదాపు ఒకే గూట్లో పడుతుంది. కానీ దాని పద్ధతిలో మొదటి అక్షరం మాత్రం కచ్చితంగా కలవాలి. ఎర్రా అనే ఇంటిపేరు ఒకచోట వైతో, ఒకచోట ఈతో ఉంటే సౌండెక్స్‌కి అవి రెండూ వేర్వేరు. జ్ఞాన అనే పేరు జితో ఉందా, జెతో ఉందా అని రెండుసార్లూ చూడాలి. ఎల్లా, యెల్లా కూడా అంతే.

ఇవన్నీ చేశాక కూడా ఖాళీ వస్తే "రికార్డు లేదు" అని రాసి సంతకం పెట్టకండి. ఆ సైటులో, ఆ పేరుతో, ఆ ఏళ్లకి కనపడలేదని మాత్రమే దానర్థం. సైటులో ఏ సంవత్సరం నుంచి రికార్డులున్నాయో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదవండి.

కేసు నంబరు దొరికాక

నంబరు దొరికిందంటే సగం పని అయినట్టే. టెక్సస్‌లో దాన్ని కాజ్ నంబర్ అంటారు. నంబరులోనే కొంత కథ ఉంటుంది. కాలిన్ కౌంటీలో 416తో మొదలై చివర 2019 ఉంటే, 416వ డిస్ట్రిక్ట్ కోర్టులో 2019లో వేసిన కేసని అర్థం. లాస్ ఏంజెలెస్‌లో 23ఎస్‌టీసీవీ అని మొదలైతే 2023లో, స్టాన్లీ మాస్క్ కోర్ట్‌హౌస్‌లో వేసిన సివిల్ కేసు.

తర్వాత డాకెట్ చదవండి. అంటే తేదీలవారీగా కేసులో ఏం జరిగిందో రాసిన పట్టిక. సివిల్ కేసులో నాన్‌సూట్ అని ఉంటే వేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారని. డిస్మిస్డ్ విత్ ప్రెజుడిస్ అంటే మళ్లీ అదే కేసు వేయడానికి వీల్లేదు, వితౌట్ అని ఉంటే వేయొచ్చు. క్రిమినల్‌లో నోలో కంటెండెరే అంటే నేరం ఒప్పుకోలేదు, కాదనలేదు, శిక్షకు మాత్రం సరేనన్నారని.

ఒక మాట దగ్గర ఆగండి: డిఫర్డ్ అడ్జుడికేషన్. అంటే తీర్పు ఆపి, మనిషిని కొంతకాలం పరిశీలనలో పెట్టడం. టెక్సస్‌లో ఇది పూర్తిచేస్తే కేసు డిస్మిస్ అయినట్టు డాకెట్‌లో కనిపిస్తుంది, రాష్ట్రం దృష్టిలో శిక్షపడినట్టు కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్క వేరు. తప్పు ఒప్పుకుని, లేదా నోలో అని, జడ్జి ఏదో ఒక ఆంక్ష విధిస్తే అది కన్విక్షన్ కిందకే వస్తుంది. "డిస్మిస్డ్ అని ఉంది కదా" అని ఫారంలో శిక్ష లేదని రాసేస్తే ఇబ్బందిలో పడతారు. ఇలాంటిది కనిపిస్తే ఇమ్మిగ్రేషన్, క్రిమినల్ చట్టం రెండూ తెలిసిన లాయరుకు చూపించండి.

ఇంకోటి, మీ పేరు పక్కన క్యాపియస్ (అరెస్టు చేయమనే ఉత్తర్వు) అని గానీ వారెంట్ అని గానీ కనిపిస్తే అది ఇంకా బతికే ఉందేమో చూసుకోండి. ఉంటే కాపీ కోసమని కోర్టుకి నడిచి వెళ్లే ముందు లాయరుకి ఫోన్ చేయండి.

కాపీ తెచ్చుకోవడం

మామూలు కాపీ చదువుకోవడానికే. ప్రభుత్వ ఆఫీసుకి ఇవ్వాలంటే క్లర్క్ సీలు, సంతకం ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలి. కౌంటర్ దగ్గర ఏం అడగాలో స్పష్టంగా చెప్పండి. ఇమ్మిగ్రేషన్ కోసమైతే "సర్టిఫైడ్ కాపీ ఆఫ్ ద ఫైనల్ డిస్పోజిషన్" అనండి, అంటే కేసు చివరికి ఏమైందో చెప్పే కాగితం. విడాకులకైతే "సర్టిఫైడ్ కాపీ ఆఫ్ ద ఫైనల్ డిక్రీ". "నా కేసు పేపర్లు కావాలి" అంటే ఫైలు మొత్తం కాపీ తీసి, పేజీల లెక్కన బిల్లు చేతిలో పెడతారు. విడాకుల ఫైలు వంద పేజీలుండటం పెద్ద విశేషమేమీ కాదు.

ఫీజులు రాష్ట్రాన్ని బట్టి. టెక్సస్‌లో పేజీకి డాలరు చొప్పున అనుకుని వెళ్లండి. ఫ్లోరిడాలో పేజీకి డాలరు, సీలుకి 2 డాలర్లు. కాలిఫోర్నియాలో పేజీకి 50 సెంట్లే గానీ సీలు వేయడానికి 40 డాలర్లు తీసుకుంటారు, విడాకుల తీర్పుకి మాత్రం 15. వెతకడానికి పది నిమిషాలు మించితే ఇంకో 15 డాలర్లు. అందుకే కేసు నంబరు ముందే పట్టుకెళ్లమంటున్నాను. వెళ్లేముందు క్లర్క్ సైటులో ఫీజుల పట్టిక ఒకసారి చూసుకోండి, ఇవి మారుతుంటాయి.

మనిషి వెళ్తే పని ఆ రోజే అవుతుంది. భోజనానికి ముందే వెళ్లండి, చాలా కౌంటర్లు నాలుగూ నాలుగున్నరకే కట్టేస్తాయి. గుమ్మం దగ్గర ఎయిర్‌పోర్టు లాంటి చెకింగ్ ఉంటుంది, కీచైన్‌కున్న చిన్న చాకు కూడా కారులోనే వదిలేయండి. లోపల పబ్లిక్ యాక్సెస్ టెర్మినల్ ఎక్కడని అడిగితే చూపిస్తారు, ఉచితంగా చూసుకోవచ్చు. క్లర్కులు కాగితం వెతికిపెడతారు, "ఇది నా గ్రీన్‌కార్డుకి ఇబ్బందా?" అంటే మాత్రం నోరు మెదపరు. న్యాయ సలహా ఇవ్వకూడదని వాళ్లకు కట్టడి.

పాత ఫైలైతే గోడౌన్లోనో మైక్రోఫిల్మ్ మీదో ఉంటుంది, రప్పించడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. రాష్ట్రం మారిపోయినవాళ్లు పోస్టులో తెప్పించుకోవచ్చు. కేసు నంబరు, కేసులో ఉన్న స్పెల్లింగుతో పేరు, పుట్టిన తేదీ, సంవత్సరం, ఏ కాగితం కావాలి, సీలు ఉండాలా అన్నవి ఒకే పేజీలో రాసి, వాళ్లు చెప్పిన పద్ధతిలో ఫీజు, తిరుగు కవరు జతచేయండి.

దొరకనివి

మైనర్ల కేసులు, దత్తత, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన కేసులు చాలాచోట్ల మూసే ఉంటాయి. న్యూయార్క్‌లో విడాకుల ఫైలు ఆ భార్యాభర్తలకు, వాళ్ల లాయర్లకు తప్ప నూరేళ్ల దాకా మరెవరికీ చూపించరు. గృహహింసలో రక్షణ ఉత్తర్వు పొందినవారి ఆచూకీ తెలిసేలా వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టకూడదని ఫెడరల్ చట్టమే ఉంది.

మీ కేసు ఎక్స్‌పంజ్ అయిపోయిందా? కోర్టు సైటులో అది కనపడదు. కానీ పౌరసత్వం ఫారం ఎన్-400, అలా తుడిచేసినవి కూడా చెప్పమనే అడుగుతుంది. అందుకే ఎక్స్‌పంజ్ చేయించేముందే డిస్పోజిషన్ సర్టిఫైడ్ కాపీలు రెండు తీసి దాచుకోమని లాయర్లు చెబుతారు. చిన్న ట్రాఫిక్ టికెట్ల విషయంలో ఎన్-400 సూచనలు కొంత సడలింపు ఇస్తాయి. అరెస్టు లేకుండా, 500 డాలర్లలోపు జరిమానాతో పోయినవాటికి కాగితాలు జతచేయక్కర్లేదు, మద్యం, డ్రగ్స్ ఉంటే ఈ సడలింపు లేదు. మీరు దరఖాస్తు చేసే రోజుకి ఉన్న సూచనలే చదవండి. కాగితం అక్కర్లేదంటే చెప్పక్కర్లేదని కాదు.

గడువు తీరిన పాత టికెట్ల ఫైళ్లను కోర్టులు పారేస్తుంటాయి. అప్పుడు "వెతికాం, మా దగ్గర రికార్డు లేదు" అని సీలుతో ఒక ఉత్తరం ఇమ్మని అడగండి. దాన్నే నో రికార్డ్ లెటర్ అంటారు. చేతులూపుకుంటూ వెళ్లడం కంటే ఆ ఉత్తరంతో వెళ్లడం నయం.

సంబంధాలు చూసేవాళ్లకి

గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఫోన్ వస్తుంది. "అబ్బాయి అక్కడే ఉంటాడటరా, కాస్త వాకబు చెయ్యి, ఇదివరకు పెళ్లయిందేమో చూడు." నేను ఇలాంటివి చూసిపెట్టాను, మీకూ తప్పదు. అబ్బాయి ఉన్న కౌంటీలన్నీ అడిగి తెలుసుకుని, ఒక్కోదానిలో విడాకుల కేసులు, పెళ్లి లైసెన్సులు చూడొచ్చు. కానీ ఒకే పేరున్న రెడ్లు, రావులు ఒక్క డాలస్ చుట్టుపక్కలే ఎంతమందో! పుట్టిన తేదీ కలవకుండా మనిషిని ఖరారు చేయకండి. కేసు వేశారంటే నేరం రుజువైనట్టు కూడా కాదు, చివరికేమైందో చదివాకే ఫోన్ తీయండి. అనుమానం ఉంటే అబ్బాయినే అడగమని చెప్పండి.

అద్దెకిచ్చేముందు కిరాయిదారుని గురించో, ఉద్యోగంలోకి తీసుకునేముందు మనిషి గురించో చూడాలనుకుంటే అది వేరే వ్యవహారం. బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టు తెప్పించుకోవడానికి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం ఉంది. ఉద్యోగమైతే ఆ మనిషి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రిపోర్టు చూసి అద్దెగానీ ఉద్యోగంగానీ వద్దంటే ఆ మాట నోటీసుతో చెప్పాలి. కొన్ని రాష్ట్రాల నియమాలు ఇంకా కఠినం.

ఇండియాలో చూపించాలంటే

విడాకుల డిక్రీగానీ పెళ్లి సర్టిఫికెట్‌గానీ ఇండియాలో వాడాలంటే సీలు ఒక్కటే చాలదు, అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా చేసే ధ్రువీకరణ, వేయించాలి. ఇండియా 2005లో ఆ అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది, అమెరికా అంతకుముందు నుంచే ఉంది. కౌంటీ కాగితానికి అపోస్టిల్ వేసేది చాలాచోట్ల ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. కాలిఫోర్నియా కాగితాన్ని టెక్సస్‌లో వేయించడం కుదరదు. టెక్సస్‌లో ఆస్టిన్ ఆఫీసుకి పంపాలి, కాగితానికి 15 డాలర్లు. న్యూయార్క్‌లో కొన్ని కాగితాలకు మధ్యలో ఇంకో మెట్టు ఉంటుంది, ముందు కౌంటీ క్లర్క్ ధ్రువీకరించాలి. క్లర్క్‌ని అడిగేటప్పుడే "అపోస్టిల్ కోసం" అని చెప్పండి, ఎలాంటి సంతకం, సీలు ఉండాలో వాళ్లకు తెలుసు.

కాపీ చేతికొచ్చాక స్కాన్ చేద్దామని స్టేపుల్ పిన్ను మాత్రం పీకకండి. పేజీలు విడదీసి మళ్లీ కుట్టిన ఆనవాలు కనిపిస్తే అపోస్టిల్ ఆఫీసు తిప్పి పంపొచ్చు. అప్పుడు మళ్లీ అదే క్లర్క్, అదే లైను. పేజీలు జాగ్రత్తగా మడిచి, పిన్ను అలాగే ఉంచి ఫోనుతో ఫొటోలు తీసుకోండి.